వెల్లకిలా పడిన ముక్కలు

పరాంకుశం గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, ఎవరిదో ఒకరి కథ వస్తుంది.

ఆయన దగ్గర మూడు నెలలుగా శిష్యుడిగా ఉంటున్న కోటిలింగం మర్నాడు ఇంటికి వెళ్ళాలి. కోపంలో సొంత అన్న మీద చెయ్యి చేసుకుని వచ్చినవాడు. ఆ సాయంత్రం కొండ మీంచి ఎండ తేనెలా జారుతుంటే మెల్లగా అడిగాడు.

"ఇక్కడ ఒక్కసారీ కోపం రాలేదండీ. కానీ రెచ్చగొట్టేవాళ్ళే లేరు కదా. తప్పుకి వీల్లేని చోట మంచిగా ఉంటే అదీ మంచితనమేనా? రేపు అన్నయ్య ఒక్క మాటంటే?"

గురువుగారు తమ వీధిలోని నరసయ్య సంగతి ఎత్తుకున్నారు.

నరసయ్య రిటైరైన బస్సు కండక్టరు. ఆదివారాలు మిల్లు అరుగు మీద స్నేహితులతో చింతపిక్కల పందెం పెట్టుకుని రమ్మీ ఆడేవాడు. కళ్ళజోడు సర్దుకునే నెపంతో పక్కవాడి ముక్కల్లోకి చూసేవాడు. ఒకనాడు పట్టుబడ్డాడు. ఆ స్నేహితుల్లో గంగులు అనేవాడు అతన్ని చాప మీంచి లేపేశాడు.

ఆరేళ్ళు అతన్ని ఎవరూ పిలవలేదు. మేనకోడలు ఇచ్చిన పాత కంప్యూటర్లో ముగ్గురు ఉత్తుత్తి ఆటగాళ్ళతో ఆడుకునేవాడు. వాళ్ళకి గంగులు, సూరి, దాలయ్య అని ఆ స్నేహితుల పేర్లే పెట్టుకున్నాడు. మొదట్లో మెడ సాచి తెర పక్కకి తొంగి చూసేవాడట. అక్కడేం ఉంటుంది, గోడ తప్ప. చివరికి వాళ్ళు పారేసిన ముక్కల్ని బట్టి ఊహించడం నేర్చుకున్నాడు. ఆ ఒంటరి గదిలో ఆ ముగ్గురి నవ్వులూ అతనొక్కడికే వినపడేవేమో అన్నారు గురువుగారు.

ఈ మధ్య దాలయ్య కూతురి ఊరికి వెళ్ళాడు. ఆటకి మూడో మనిషి కావలసి వచ్చింది. గంగులే గుమ్మంలోకి వచ్చాడు.

"ఒక్క ఆటే నరిసిగా. నీ చూపు కదిలిందా, ఇంక ఈ జన్మకి లేదు."

నరసయ్య కూర్చున్నాడు. ముక్కలు బాగా పడ్డాయి. ఇక ఒక్క ఇస్పేటు రాణి వస్తే షో, ఆట అతనిదే. అంతలో గంగులుకి తుమ్మొచ్చింది. వణికే చేతిలోంచి ముక్కలన్నీ జారి చాప మీద వెల్లకిలా పడ్డాయి. ఇద్దరూ నరసయ్య వంకే చూశారు.

నరసయ్య తన ముక్కలు కింద పెట్టేశాడు.

"చూసేశానురా. నాకు కావలసిన రాణి నీ దగ్గరే ఉంది. మళ్ళీ పంచండి. తెలిసిపోయాక ఇంకేం ఆడతాం?"

సూరి ముసిముసిగా నవ్వాడు. గంగులు ముక్కలన్నీ పోగుచేసి, కట్ట నరసయ్య ఒడిలో పడేశాడు.

"నువ్వే పంచు. నా చేతులు వణుకుతున్నాయి."

గురువుగారు అక్కడితో ఆపారు. కోటిలింగం ముఖం ఇంకా తేటపడలేదు.

"అయితే ఆరేళ్ళ తర్వాత కూడా అతని కళ్ళు అటే వెళ్ళాయన్నమాటేగా అండీ?"

"వెళ్ళాయి నాయనా," అన్నారు పరాంకుశం గారు. "వాడు వాటి వెంట వెళ్ళలేదు."