డాలులో ఎడమ సగం

అనగనగా, సముద్రం ఊరి గుమ్మం దాకా వచ్చి పలకరించి పోయే రోజుల్లో, ఓడపాలెం అని ఒక రేవుపట్నం ఉండేది. దాన్ని సూరపరాజు ఏలుతుండేవాడు. ఆయన సైన్యంలో చాలాకాలం పనిచేసి, ముసలితనాన కత్తి పక్కన పెట్టిన నాయకుడొకడు ఆ ఊళ్ళో ఉండేవాడు. పేరు గొంకయ.

పనిలేని నాయకుడి సంగతి తెలుసుగా, పిల్లలూ! ఇంట్లో కుదురుగా కూర్చోలేడు. పాడైపోయిన పాతవాటిని మళ్ళీ నిలబెట్టడం గొంకయకు సరదా. విరిగిన రథచక్రం దొరికినా, మూగబోయిన గంట దొరికినా, పెరట్లో పెట్టుకుని పొద్దుగూకేదాకా దానితోనే కాపురం.

ఒకనాడు జాలరుల వలలో ఒక వింత డాలు పడింది. ఎప్పుడో మునిగిపోయిన యవనుల ఓడలోది. యవనులంటే సముద్రాల అవతలి గ్రీకు దేశంవాళ్ళు. ఆ డాలు మూకుడులా లోతుగా, బండిచక్రమంత వెడల్పుగా ఉంది. చెక్క పుచ్చి పొడైపోయింది. మిగిలిందల్లా చిల్లులుపడ్డ కంచు రేకు, గుండ్రటి కంచు అంచు, నడిమధ్యన మోచేయి దూరేంత కంచు పట్టీ, అంచు దగ్గర ఒక పిడి.

"దీన్ని యవనులు చేసినట్టే మళ్ళీ చేస్తాను!" అన్నాడు గొంకయ.

"చేయండి, చేయండి. బోర్లిస్తే కోళ్ళు కమ్మడానికి పనికొస్తుంది" అంది భార్య మైలమ.

గొంకయ తేలికైన పునికి చెక్క తెచ్చి, ముక్కలు అతికి, లోతుగా తొలిచి, పైన కంచు రేకు తాపడం చేశాడు. పాతదానికి ఉన్నట్టే పట్టీ, పిడీ బిగించాడు. ఎడమచేతిని మోచేతిదాకా పట్టీలోకి దూర్చి, అంచు దగ్గరి పిడిని పిడికిట పట్టి నిలబడ్డాడు.

"ఏదీ, కొట్టు చూద్దాం!" అన్నాడు.

మైలమకు అంతకన్నా కావాలా! పిడకల గంప పక్కనే ఉంది. మొదటి పిడక డాలుకు తగిలింది. రెండోది నేరుగా వెళ్ళి ఆయన కుడి డొక్కలో తగిలింది.

గొంకయ డొక్క తడుముకుంటూ చూసుకున్నాడు. డాలు ఆయన ఎడమవైపునే కప్పింది. దాని ఎడమ సగం మోచేతి అవతల ఒట్టి గాలిలో ఉంది.

"ఇదేం తెలివి! ఒళ్ళు సగం బయట, డాలు సగం దండగ. ఆ యవనులెవరో తాగి చేసినట్టున్నారు" అన్నాడు.

ఆ సీమలో డాలు చిన్నది, నడుమ పిడికిలితో పట్టుకునేది. ఎవడి పోరు వాడిదే. బతుకంతా అలాంటి డాలే పట్టినవాడికి ఇంకేం తోస్తుంది? పట్టీ లేకుండా, నడిమధ్యన పిడి పెట్టి రెండో డాలు చేశాడు. అది ఒళ్ళంతా కప్పింది గాని, ఆ బరువుకు మణికట్టు ఆగలేదు. డాలు జారి కాలి బొటనవేలి మీద పడింది.

మూడోసారి, మొదటి డాలులో ఆ దండగ సగాన్ని కోసిపారేసి, మిగిలినదాన్ని గుండ్రంగా చెక్కాడు. తేలికగా ఉంది, ముచ్చటగా ఉంది. చూసినవాళ్ళంతా భేష్ అన్నారు.

ఆ మాట రాజు చెవిన పడింది. అప్పట్లో ఓడదొంగలు రేవుల మీద పడి దోచుకుంటున్నారు. రేపో మాపో ఓడపాలెం వంతు. సూరపరాజు ఆ డాలు తెప్పించుకుని చూశాడు.

"యవనవీరుల డాలు ఇదేనన్నమాట! మన ముందువరస భటులందరికీ ఇవే చేయించండి" అన్నాడు.

సభ అంతా చప్పట్లు కొట్టింది. గొంకయ మాత్రం నవ్వలేకపోయాడు. ఆ ముందువరసలో ఆయన ఒక్కగానొక్క కొడుకు దామయ ఉన్నాడు. మిగతావాళ్ళూ ఆయన చేతికింద సాము నేర్చినవాళ్ళే. అందరి ప్రాణాలూ ఇప్పుడు ఆ డాలు మీదే ఉన్నాయి.

"తప్పు మన్నించాలి, ప్రభూ. ఇది యవనుల డాలు కాదు. నాకు అర్థం కాని సగాన్ని కోసేసి, మిగిలినదానికి వాళ్ళ పేరు పెట్టాను" అన్నాడు.

రాజు ముఖం చిట్లించాడు. "ఆ సగం దేనికి మరి?"

"తెలియదు, ప్రభూ. తెలుసుకుని వస్తాను."

"ఈలోగా దొంగలు వస్తేనో?"

గొంకయ తలవంచుకుని ఇంటికొచ్చాడు.

ఈసారి ఆయన తన తెలివి కలపలేదు. పట్టీ ఉన్నచోట పట్టీ, పిడి ఉన్నచోట పిడి పెట్టి, పాతది ఎలా ఉందో అలాగే చేశాడు. చేయి దూర్చి పెరట్లో నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడినా బుర్రకు ఏమీ తట్టలేదు. కొడుకు తలపుకొచ్చి భయం వేసింది.

అంతలో సముద్రం మీంచి ఈదురుగాలి లేచి, వాన ఏటవాలుగా కొట్టింది. ఎండబెట్టిన వడియాలు ఎత్తడానికి పరుగెత్తుకొచ్చిన మైలమ, చేట గుండెకు హత్తుకుని మొగుడి ఎడమపక్కన చేరి, డాలు చాటున నిలబడింది.

"మీకు దండగైన సగం నాకు సరిగ్గా సరిపోయింది. వడియాలు బతికాయి" అంది. అంతలోనే, "అయ్యో, మీ కుడివైపంతా తడిసిపోతోందే!" అంది.

గొంకయ తడిసిన తన కుడి డొక్కనూ, డాలు చాటున పొడిగా ఉన్న ఆమెనూ చూశాడు. ఆ తర్వాత వానలోనే పకపకా నవ్వాడు.

"నా కుడివైపును కాయాల్సింది నా కుడిపక్కవాడి డాలే, మైలమా! యవనులు తాగి చేయలేదు. నేనే ఒంటరిగా నిలబడి చూశాను."

గొంకయ ఆ సంగతి రాజుకు విన్నవించగానే, ఊళ్ళో వడ్రంగులూ కంచరులూ అంతా ఆ పనిలోకి దిగారు. డాళ్ళు తయారయ్యాయి. గొంకయ భటులను భుజానికి భుజం ఆనించి బారుతీర్చి నిలబెడితే, ప్రతి డాలూ పట్టినవాడి ఎడమ సగాన్నీ, ఎడమపక్కవాడి కుడి సగాన్నీ కప్పింది.

సూరపరాజు ఆ వరస వెంట నడిచి, కుడి చివర ఆగాడు. అక్కడ దామయ ఉన్నాడు.

"అందరినీ కుడిపక్కవాడు కాస్తున్నాడు. మరి ఇతన్ని కాచేదెవరు, గొంకయా?"

"ఎవరూ లేరు, ప్రభూ. ఆ చోటు అలాంటిది."

"ఇతడు నీ కొడుకు కదూ? తెలిసే నిలబెట్టావా?"

"ఇంకొకరి కొడుకును అక్కడ నిలబెట్టడానికి నాకు నోరు రాలేదు, ప్రభూ."

అప్పటికే దూరాన దొంగల తెరచాపలు కనిపిస్తున్నాయి. రాజు కిరీటం తీసి మంత్రి చేతికిచ్చి, ఒక డాలు అందుకుని, దామయ కుడిపక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నీ కుడివైపు నాకు వదిలెయ్, నాయనా" అన్నాడు.

దొంగలు ఒడ్డుకు దిగి మీదపడ్డారు. రాజు కుడిభుజానికి బాణం దెబ్బ తగిలింది. అయినా ఆయన చోటు వదల్లేదు. ఆయన వదలనప్పుడు ఇంకెవరు వదులుతారు? వరస చెదరలేదు. పొద్దు వాలకముందే దొంగలు వచ్చినదారినే ఓడలెక్కి పోయారు.

కాబట్టి, పిల్లలూ, మనకు అక్కరకు రాలేదని దేన్నీ దండగ అనకూడదు. అది పక్కవాడి ప్రాణం కాచే సగం కావచ్చు.