ఉతికినా పోని పేరు

సీతారత్నం గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు. చేతిలో సూది పక్కన పెట్టి, అడిగినవాళ్ళ మొహం కాసేపు చూసి, మళ్ళీ సూది అందుకుంటారు. జవాబు ఆ సాయంత్రం రావచ్చు, వారం పోయాక రావచ్చు. ఒక్కోసారి ఆవిడ చెప్పులు తొడుక్కుని "పద" అనడమే జవాబు కావచ్చు. సామర్లకోటలో ఆవిడ దగ్గర బొంతలు కుట్టడం నేర్చుకున్న మా అందరికీ ఈ అలవాటు తెలుసు. విసుగొచ్చినవాళ్ళు మానేశారు, ఓపికున్నవాళ్ళం మిగిలాం. నేను ఓపికతో మిగిలానో, వేరే పని లేక మిగిలానో మాత్రం అడక్కండి.

మాలో హైమ అని ఒకావిడ ఉండేది. పిల్లలు లేరు. పక్క వాటాలో ఉండే భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్తే, వాళ్ళ పాప చార్విని ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ ఈవిడే చూసుకుంది. నీళ్ళు పోయడం, అన్నం పెట్టడం, మధ్యాహ్నం జోకొట్టడం అన్నీ ఆవిడే. పాప "హైమత్తా" అని పిలిస్తే ఇంట్లో ఏ పనిలో ఉన్నా వదిలేసి వచ్చేది. ఇంతలో పాప తండ్రికి భిలాయి బదిలీ అయింది. వాళ్ళని అనడానికేం లేదు, ఉద్యోగమన్నాక వెళ్ళక తప్పదు. కానీ మూడేళ్ళ పిల్లకి ఏం గుర్తుంటుంది? ఏడాది తిరిగేసరికి హైమ మొహం కూడా మరిచిపోతుంది. ఆ సంగతి మాకూ తెలుసు, హైమకీ తెలుసు. ఆవిడ బెంగంతా అదే.

అందుకని తన పాత వాయిలు చీరలు మెత్తటివి ఏరి పాపకి బొంత మొదలుపెట్టింది. దాని మూల ఒక చిన్న గుడ్డముక్క కుట్టాలి, దాని మీద "చార్వికి, హైమత్త" అని ఉండాలి. దారంతో అక్షరాలు కుడితే పిల్ల ఒంటికి గరుగ్గా తగులుతుందని, అచ్చు వేయాలనుకుంది. తెల్లటి నూలుగుడ్డని పటిక నీళ్ళలో నానబెట్టింది, నీడలో ఆరేసింది, మైనపు కాగితానికి ఇస్త్రీపెట్టెతో అంటించి ఇంట్లో ఉన్న ప్రింటర్లో దూర్చింది. గుడ్డ ఇరుక్కుంటే మొగుడు విసుక్కుంటూనే లాగి పెట్టాడు. అక్షరాలు ముచ్చటగా వచ్చాయి. వెనిగర్ కలిపిన నీళ్ళలో జాడించి, ఆరాక ఇస్త్రీ కూడా చేసింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. పరీక్షించాలి కదా అని బండమీద వేసి, సబ్బు పెట్టి, బ్రష్షుతో తోమింది. మెత్తటి బొంతని అలా ఎవరూ ఉతకరు, కానీ గట్టిగా ఉతికినా పోకూడదని ఆవిడ పంతం. అత్త అన్న మాట ముందు వెలిసింది, తర్వాత హైమ కూడా వెలిసింది. మళ్ళీ వేసింది, మళ్ళీ తోమింది. ఇల్లంతా వెలిసిన గుడ్డపేలికలతో నిండిపోయింది.

చివరికి ఆ పేలికలన్నీ పట్టుకొచ్చి సీతారత్నం గారి ముందు పోసింది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని పేరు ఎలా వేయాలో చెప్పండి, వాళ్ళు ఆదివారం వెళ్ళిపోతున్నారు అని అడిగింది. అడుగుతూ ఏడ్చేసింది కూడా. సీతారత్నం గారు సూది పక్కన పెట్టారు. ఈసారి మళ్ళీ అందుకోలేదు. చెప్పులు తొడుక్కున్నారు.

ఇద్దరూ బస్సెక్కి పెద్దాపురం వెళ్ళారు. అక్కడ ఉషారాణి అని సీతారత్నం గారి చెల్లెలి కూతురు ఉంటుంది. ఉషారాణి చంటిపిల్లగా ఉన్నప్పుడు తల్లికి జబ్బు చేస్తే, నాలుగేళ్ళ పాటు ఈ పెద్దమ్మే పెంచిందట. తల్లి జబ్బు నయమయ్యాక వచ్చి పిల్లని తీసుకెళ్ళిపోయింది. ఈ సంగతి మాలో ఎవరికీ తెలియదు. ఆవిడ ఎన్నడూ చెప్పలేదు.

కాఫీలయ్యాక సీతారత్నం గారు ఆ బొంత ఓసారి తియ్యవే అన్నారు. ఉషారాణి సంబరంగా బీరువా తెరిచి, తెల్లటి పంచెలో చుట్టి ఉన్న బొంతని రెండు చేతులా పట్టుకొచ్చి మంచం మీద పరిచింది. గదంతా కలరా ఉండల వాసన. మూల అచ్చు వేసిన గుడ్డముక్క ఉంది. కరక్కాయ నీళ్ళలో నానిన గుడ్డ మీద, బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ఊరేసి తీసిన నల్లరంగుతో, చెక్క అచ్చుతో సీతారత్నం గారు తన ఇంట్లో తనే వేసుకున్న అక్షరాలు. "ఉషకి, పెద్దమ్మ." నిన్న వేసినట్టు నిగనిగలాడుతున్నాయి.

హైమ ప్రాణం లేచొచ్చింది. ఆ గుడ్డముక్క మీద వేలు పెట్టి రాసి చూసింది, గోటితో గీకి చూసింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఉతికి ఉంటారండీ అని ఉషారాణిని అడిగింది.

ఉషారాణి నవ్వింది. "ఉతకడమేంటండీ దీన్ని? మా అమ్మ అసలు ముట్టుకోనిచ్చేది కాదు. అక్క పేరు వేసి మరీ ఇచ్చింది, మాసిపోతే మనసు కష్టపెట్టుకుంటుందనేది. ఓసారి నాకు జొరం వచ్చి పెద్దమ్మ బొంత కావాలని ఏడిస్తే, దుప్పటి కప్పి పడుకోబెట్టింది. తర్వాత నేనూ అడగడం మానేశాననుకోండి."

ఆ పిల్ల మనసులో ఏ కల్మషమూ లేదు. పెద్దమ్మ ఇచ్చినదాన్ని ఇంత పదిలంగా దాచామని సంతోషంగా చెప్పింది. సీతారత్నం గారు బొంతని నిదానంగా మడతపెట్టి, అంచులు సరిచేసి, పంచెలో చుట్టి ఉషారాణి చేతికిచ్చారు. ఒక్క కుట్టు కూడా సడలలేదు, ఎక్కడా ఒక్క మరక లేదు.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు హైమ, అయితే పేరు వేయడం మానెయ్యమంటారా అని అడిగింది. ఈసారి జవాబు వెంటనే వచ్చింది. ఆ మాట హైమ చెప్పగా నేను విన్నదే, ఆవిడ అన్నది అన్నట్టు రాస్తున్నాను.

"వెయ్యమ్మా. వాళ్ళమ్మకి మాత్రం రోజూ కప్పమని చెప్పు. ఎప్పుడైనా నీ పేరు ఉతుకుల్లో పోయిందని కబురొస్తే, వచ్చి నాకు చెప్పు. నాకెన్నడూ ఆ కబురు రాలేదు."