ఇందుమతిగారి డబ్బాలు

కాకినాడలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైన ఇందుమతిగారికి ఒక అలవాటుంది. కష్టమైన ప్రశ్నతో వచ్చిన శిష్యులకు ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు.

ఆ రోజు వచ్చింది రోహిణి. మాట రాని తమ్ముడి కోసం ఒక పాత చేతికంప్యూటరుతో నెలల తరబడి కుస్తీ పడుతోంది. అతను మీటలు నొక్కితే అది పైకి చదువుతుంది. టచ్ తెరల మీద అతని వేళ్లు నిలవవు. ఇప్పుడందులో సిస్టం పాతబడి, మాట మధ్యలోనే ఆగిపోతోంది. కొత్తది ఎక్కిస్తే తెర వెలగదు, మీటలు పనిచేయవు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

"నా ల్యాప్‌టాప్‌లో ఇట్టే ఎక్కిన సిస్టం దీనికెందుకు ఎక్కదు మేడం? నాకే చేతకావడం లేదేమో. ఇక వదిలేద్దామనుకుంటున్నాను," అంది.

"ముందు కాఫీ పెట్టి తీసుకురా," అన్నారు మేడం.

రోహిణి కాఫీకి ఇంతవరకూ వంక పెట్టినవాళ్లు లేరు. కానీ ఆ వంటింట్లో 'పంచదార' అని రాసున్న డబ్బాలో ఉన్నది ఉప్పు. ఏ డబ్బా ఖాళీ అయితే అందులో చేతికందింది పోసుకోవడం మేడం పద్ధతి. మన ఇళ్లలో లేనిదేమీ కాదు. తొలి గుక్కకే రోహిణి మొహం చిట్లించింది.

"మేడం, పంచదార ఎక్కడ?" అని కేకేసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ అడిగినా అంతే. కోపంగా బయటికొచ్చింది.

"మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

మేడం పేపరు దించారు. "నీకు కాఫీ పెట్టడం రాకనా ఉప్పు పడింది?"

రోహిణి చూపు బల్ల మీదికి వెళ్లింది. ల్యాప్‌టాప్ అయితే తనలో ఏది ఎక్కడుందో సిస్టానికి తానే చెబుతుంది. ఈ చేతికంప్యూటరులో మాత్రం తెర ఎక్కడ తగిలించారో, మీటలు ఎక్కడ తగిలించారో దానికి చెప్పేవాళ్లు లేరు. మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. ఒక్కో మూతా తీసి వాసన చూసింది, నాలుక మీద వేసుకుంది. పంచదార 'మెంతులు' డబ్బాలో దొరికింది. అంతకుముందు కారం నషాళానికంటితే కళ్లు తుడుచుకుని తర్వాతి మూత తీసింది.

ఈసారి కాఫీ కాఫీలాగే వచ్చింది. మేడం గ్లాసు ఖాళీ చేశారు. శిష్యురాలిని చూసి గర్వపడితే దాచుకోవడం ఆవిడకు చేతకాదు, మొహమంతా వెలిగిపోతోంది. చేతికంప్యూటరు తీసి రోహిణి చేతిలో పెట్టారు.

"నేను చెప్పకుండా ఈ వంటింట్లో కాఫీ పెట్టడం మా ఆయన వల్ల కూడా కాలేదమ్మాయ్!"