ఉప్పుటేటికి అడ్డం నిలిచిన పైడితల్లి

పూర్వం, కెరటాలు కూడా కార్తెల లెక్క తప్పని రోజుల్లో, సముద్రపు ఒడ్డున వేలాపురం అనే రాజ్యం ఉండేది. దాన్ని గుణవర్మ అనే రాజు ఏలేవాడు.

ఆ రాజ్యంలో ఉప్పుటేరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట మొగపల్లె అని ఒక జాలరిపల్లె ఉండేది. యాభై గడపలు, ఇరవై నావలు. ఆ పల్లెకు పెద్ద ఒక ఆడమనిషి. పేరు పైడితల్లి. తమ్ముడు పుట్టకముందే తండ్రి వెంట నావ ఎక్కి తెడ్డు పట్టింది. నీటి రంగు చూసి లోతు చెప్పేది. గాలి వాసన చూసి వాన చెప్పేది. తండ్రి పోయాక పెద్దరికం ఎవరికివ్వాలా అని పల్లెవాళ్ళు ఎక్కువసేపు ఆలోచించలేదు.

మొగపల్లెకు రెండు కట్టుబాట్లు ఉండేవి. వల కన్ను మూడు వేళ్ళు దూరేంత ఉండాలి, పిల్లచేప జారిపోవాలి. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వల నీళ్ళలో దించకూడదు. ఈ రెండోది రాజ్యమంతటికీ చట్టం కూడా. కృత్తిక కార్తె మొదలుకొని మృగశిర ముగిసేదాకా వేట నిషేధమని రాజుగారి తాత కోట ముందు రాతి మీద చెక్కించాడు. ఆ రోజుల్లో ఆ లెక్క సరిగ్గా సరిపోయింది.

తర్వాత సముద్రం మారింది.

ఒక్కరోజులో మారలేదు. ఏటేటా కొంచెం కొంచెంగా మారింది. తెల్లారి నీట చెయ్యి పెడితే జిల్లుమనాల్సింది, గోరువెచ్చగా తగిలేది. కవ్వచేపలు ఒడ్డు విడిచి లోతుకు దిగిపోయాయి. వంజరాలు చల్లని నీళ్ళు వెతుక్కుంటూ ఉత్తరానికి పోయాయి. దేశదేశాల కొలుములు రేయింబవళ్ళు మండుతున్నాయని, అడవులు బొగ్గవుతున్నాయని, ఆ వేడి మోయలేక ఆకాశం దాన్ని సముద్రంలో దించుతోందని ముసలివాళ్ళు చెప్పుకునేవారు.

ఒక ఏడు అశ్వని కార్తెలో పైడితల్లి కూరకని ఒక పండుగప్పను కోసింది. కడుపునిండా గుడ్లు. అనుమానం వచ్చి ఇంకొకటి కోసింది. అందులోనూ గుడ్లే. మూడోదాన్ని కోయడానికి చెయ్యి రాలేదు. చేపలు రెండు కార్తెలు ముందే గుడ్లకు వచ్చాయి. రాతి మీద రాసిన రోజు వచ్చేదాకా వేటాడితే తల్లిచేప ఒక్కటీ మిగలదు.

ఆ మర్నాడే ఆమె తన పల్లె వలలన్నీ ఒడ్డుకు తీయించింది.

వేలాపురంలో మణిభద్రుడనే వర్తకుడు ఉండేవాడు. తీరం మీద పట్టిన చేపంతా అతని చేతుల మీదుగానే పోయేది. వేట కాలంలో మొగపల్లె నావలు కదలడం లేదని తెలిసి అతను రాజుతో చెప్పాడు. వాళ్ళకు ఒళ్ళు బరువెక్కిందని, కోటకు రావలసిన ఎండుచేపల బుట్టలు ఎగ్గొట్టడానికే ఈ నాటకమని నూరిపోశాడు. రాజు పైడితల్లిని పిలిపించాడు.

ఆమె సభలోకి వచ్చి నమస్కరించి ఉన్నదున్నట్టు చెప్పింది. నీరు వేడెక్కిందని, చేపల కాలం ముందుకు జరిగిందని, వేట ఆపే రోజులు కూడా ముందుకు జరపమని అడిగింది. రాజుకు కోపం వచ్చింది. తన తాత రాయించిన చట్టాన్ని ఒక జాలరి మార్చమనడమేమిటని అడిగాడు. అది రాతి మీద రాసిన మాట అని గుర్తుచేశాడు.

"రాసింది మనకోసం ప్రభూ," అంది పైడితల్లి. "చేపలకు చదువు రాదు."

సభలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. రేపటి నుంచి వేటకు పోవాలని రాజు మొదటి ఆజ్ఞ ఇచ్చాడు. పైడితల్లి మళ్ళీ నమస్కరించింది. పోనని చెప్పి ఇంటికి వచ్చేసింది.

శిక్షగా రాజు ఆ పల్లె నావలన్నీ ఇసుక మీదికి లాగించి కాపలా పెట్టించాడు. అంతలో చట్టంలో రాసిన వేట నిషేధం రోజులు కూడా వచ్చేశాయి. ఆ మూడు కార్తెలూ గడిచాక నావలు విడిపించాడు. కానీ మనసులో పగ విడవలేదు.

మరుసటి ఏడు మణిభద్రుడు కొత్తరకం వలలు తెచ్చాడు. చిటికెనవేలు కూడా దూరనంత సన్నని కళ్ళు. నెత్తళ్ళ పిల్లలు, రొయ్య పిల్లలు, ఏది పడినా ఇక బయటపడేది లేదు. తినడానికి పనికిరాని చిన్నచేపను ఎండబెట్టి కొబ్బరితోటలకు ఎరువుగా అమ్ముతాడట. తీరంలో ప్రతి పల్లె ఆ వలలే వాడాలని రాజు రెండో ఆజ్ఞ ఇచ్చాడు.

పక్కనున్న దిబ్బపాలెం పెద్ద గరగయ్య వలలు తీసుకున్నాడు. ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, ఏం చెయ్యను అన్నాడు. పైడితల్లి మాత్రం తన వాటా వలలను బండి మీద వేయించి మణిభద్రుడి వాకిట్లో దించి వచ్చింది. తిరస్కరించినందుకు రాజు మొగపల్లె నావలను మళ్ళీ ఒడ్డుకు లాగించాడు. ఈసారి ఏడాది పొడుగునా కట్టేయమన్నాడు.

ఆ ఏడాది మొగపల్లెకు గడ్డుకాలం. దిబ్బపాలెం ఒడ్డున చేపలు గుట్టలు పడుతుంటే మొగపల్లెలో గంజిలో చింతపండు పిసుక్కుని తాగారు. ఆడవాళ్ళు ఉప్పు పండించి, తట్టలు నెత్తిన పెట్టుకుని మెట్ట ఊళ్ళకు నడిచి చోళ్ళు, అంటే రాగులు, తెచ్చారు. మగవాళ్ళు ఏటిగట్టున ఆలచిప్పలు ఏరారు. కొందరు పైడితల్లి ఎదురుగానే గొణిగారు. ఆమె సొంత తమ్ముడు ఎర్రన్న పెళ్ళాం పిల్లలను తీసుకుని దిబ్బపాలెం పోయాడు. పోతూ అక్క మొహం చూడలేదు. ఆమె పొమ్మనలేదు, ఉండమనలేదు. మేనకోడలి చేతిలో తన వంతు చోళ్ళ మూట పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

అయినా ఆమె ఒక పని ఆపలేదు. మణిభద్రుడి మనుషులు అతని సున్నపు బట్టీల్లో మంటకోసం ఏటిగట్ల మీది మడచెట్లు నరికేశారు. ఆ మడచెట్ల వేళ్ళ నీడలోనే చేపపిల్లలు పెరుగుతాయి. పల్లెవాళ్ళతో కలిసి పైడితల్లి ఆ బురదలో మడమొక్కలు నాటింది. మోకాళ్ళదాకా దిగబడి, రోజూ కొన్ని. ఈ నాలుగు మొక్కలతో సముద్రం చల్లబడుతుందా అని ఒక ముసలాయన అడిగాడు.

"చల్లబడదు మావా," అంది ఆమె. "లోకంలో మంటలన్నీ ఆర్పడం నా వల్ల కాదు. ఈ ఏటిని కాపాడటం నా వల్ల అవుతుంది."

మూడో ఏడు దిబ్బపాలెం వలలు ఖాళీగా వచ్చాయి. ముందు ఏడు పిల్లచేపలన్నిటినీ ఎరువు చేసేశాక ఈ ఏడు పెద్దవయ్యేందుకు ఏవి మిగిలాయి? నావలు మూడు రోజులు పోయి గుప్పెడు చేపతో తిరిగొచ్చేవి. కోటలో ఎండుచేప అయిపోయింది. అప్పుడు మణిభద్రుడు రాజు చెవిలో మరో మాట వేశాడు. చేప ఉన్నది ఒక్కచోటే, మొగపల్లె ఉప్పుటేటిలో. అక్కడ వలలు దించితే కోట గాదెలు నిండుతాయి.

ఆ ఏటిలో వలలు దించాలని రాజు మూడో ఆజ్ఞ ఇచ్చాడు. ఈసారి ఆజ్ఞ పంపి ఊరుకోలేదు. భటులతో, దిబ్బపాలెం జాలరుల నావలతో తానే బయల్దేరాడు. అది అశ్వని కార్తె. రాతి చట్టం ప్రకారం వేటకు అడ్డేమీ లేదు.

వాళ్ళు వచ్చేసరికి, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగలో మొగపల్లె మొత్తం నడుములోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా చేతులు పట్టుకుని, ముసలివాళ్ళూ, బాలింతలూ అందరూ. మధ్యలో పైడితల్లి.

తప్పుకొమ్మని రాజు ఆజ్ఞాపించాడు. ఎవరూ కదల్లేదు. నావలను మొగ దాకా తెచ్చి అక్కడే వల వెయ్యమని దిబ్బపాలెం వాళ్ళకు చెప్పాడు. రాజు ఎక్కిన నావలోంచే గరగయ్య తల వంచుకుని వల విసిరాడు. లాగితే నాలుగు పెద్ద పండుగప్పలు పడ్డాయి.

పైడితల్లి పట్టుకున్న చేతులు విడిచి నీళ్ళలో నడుచుకుంటూ నావ దగ్గరికి వచ్చింది. భటుడు ఈటె ఎత్తాడు. ఆమె ఈటె వంక చూడలేదు. వలలోంచి ఒక చేపను తీసి, నడుముకున్న కత్తితో కడుపు చీల్చి, నావ అంచు మీద పెట్టింది.

"గరగన్నా, నేను చెబితే అబద్ధమంటారు. నువ్వు చెప్పు. ఇదేమిటి?"

గరగయ్య చూశాడు. కడుపు నిండా పసుపచ్చని గుడ్లు, చేతిలో పోస్తే దోసిలి పట్టనన్ని. నలభై ఏళ్ళుగా చేప కోస్తున్నవాడు. ఈ కార్తెలో గుడ్లు ఉండకూడదని అతనికి తెలుసు. ఉన్నాయని కళ్ళు చెబుతున్నాయి. తన ఒడ్డు ఎందుకు ఎండిపోయిందో అతనికి అప్పుడు అర్థమైంది.

మళ్ళీ వెయ్యి అన్నాడు రాజు.

గరగయ్య వల తాడు వదిలేశాడు. నావలోంచి నీళ్ళలోకి దిగి మొగపల్లె వాళ్ళ వరుసలో నిలబడ్డాడు. అతని వెనుక ఎర్రన్న దిగాడు. నేరుగా వచ్చి అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఆ వెనుక ఒక్కొక్కరుగా దిబ్బపాలెం వాళ్ళందరూ దిగారు. చివరికి నావల్లో రాజూ, మణిభద్రుడూ, వల పట్టడం తెలియని భటులూ మిగిలారు.

నావలున్నాయి. వలలున్నాయి. వెయ్యడానికి ఒక్క చెయ్యి లేదు.

రాజు మొహం ఎర్రబడింది. ఇంతమందినీ చెరలో వేయించగలనని బెదిరించాడు.

"వేయించండి ప్రభూ," అంది పైడితల్లి. "చెరలో అయినా మాకు కూడు పెట్టాలి. ఆ కూటిలోకి చేప ఎక్కణ్ణించి తెస్తారు? ఈ ఒక్క కడుపులో రాబోయే ఏళ్ళ కూడు ఉంది. దీన్ని ఇవాళే తినేసే రాజుకు మేం వల వెయ్యం. రేపు వెయ్యం. ఎల్లుండి వెయ్యం."

నావ అంచు మీది గుడ్ల వంక రాజు చూశాడు. వంగి వేలితో తాకాడు. అదే వేలు నీళ్ళలో ముంచి కడుక్కోబోయి, నీరు వెచ్చగా తగిలి ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ అతను సముద్రాన్ని మేడ మీంచే చూశాడు.

తల ఎత్తి, ఇప్పుడు ఏం చెయ్యాలని అడిగాడు. అడిగింది మణిభద్రుణ్ణి కాదు.

ఆమె తడుముకోకుండా చెప్పింది. సన్నకన్ను వలలు తగలబెట్టాలి. మడచెట్ల మీద గొడ్డలి పడకూడదు. రాతి మీది కార్తెలు చెరిపేసి, ప్రతి ఏడూ చేప కడుపు చూసి రెండు పల్లెల పెద్దలు చెప్పిన రోజున వేట ఆపాలి. వేట లేని ఆ రోజుల్లో జాలరుల ఇళ్ళకు కోట గింజలు రావాలి. చివరిదానికి రాజు మొహం చిట్లించాడు గానీ, చెరలో అందరికీ కూడు పెట్టడం కంటే అదే తేలికని లెక్క చూసుకుని ఒప్పుకున్నాడు.

ఆ ఏడూ, ఆ మరుసటి ఏడూ కష్టంగానే నడిచాయి. మూడో ఏడు వానల తర్వాత మడచెట్ల నీడలోంచి చేప సముద్రంలోకి కదిలింది. పండుగప్పలు వచ్చాయి, రొయ్యలు వచ్చాయి. వంజరాలు మాత్రం రాలేదు. చల్లని నీళ్ళకు పోయినవి అటే ఉండిపోయాయి. సముద్రం ఇప్పటికీ వెచ్చగానే ఉంది. పైడితల్లి ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. వచ్చినవాటిని రెండు పల్లెలూ పంచుకున్నాయి.

చేప నిండుగా పడిన ఆ ఏడే మణిభద్రుడు పళ్ళూ పట్టుబట్టలూ పట్టుకుని పైడితల్లి గుమ్మంలోకి వచ్చాడు. ఇప్పుడు చేపలకు కొదవ లేదు కదా, ఒక్క ఏడు, ఒక్క నెల, ఒకే ఒక్క నావతో సన్నకన్ను వల వేయనివ్వమని బతిమాలాడు. ఆమె అతనికి పీట వేసింది. మజ్జిగ ఇచ్చింది. అతను తాగేదాకా ఆగి, వద్దు అని చెప్పింది. మరుసటి ఏడు కూడా వచ్చాడు. మరుసటి ఏడు కూడా అదే చెప్పింది.

కనుక పిల్లలూ, కాలం మారితే మనమూ మారాలి. కానీ రేపటి విత్తనాన్ని ఇవాళే తినమన్నవాడు రాజైనా సరే, కాదని నిలబడాలి.