పేరమ్మ అతుకు

పూర్వం ఒక రాజ్యంలో ఏటా నేతగాళ్ల సభ జరిగేది. అందులో మాట్లాడాలనుకున్నవాళ్లు చెప్పబోయే సంగతిని తాటాకు మీద రాయించి సభాపెద్ద విశ్వంభరయ్యకు ముందుగా ఇవ్వాలి. ఆయన ఒప్పుకుంటేనే వేదిక ఎక్కడం.

ఆ ఏడు, చిరిగిన బట్టలకు అతుకులు వేసి బతికే ముసలి పేరమ్మ కూడా ఆకు పట్టుకొచ్చింది. చూపు మందగిస్తోంది. చేతిలో ఉన్న పనితనం తనతోనే పోకూడదని ఆమె ఆరాటం.

విశ్వంభరయ్య తన ఇంటి అరుగు మీద కూర్చుని చదివి, అందరూ వినేలా నవ్వాడు.

"తెగిన పోగులు అతకడమా? సభలో కొత్త అంచుల గురించి చెబుతారు గానీ, చిరుగుల గురించి ఎవరు వింటారమ్మా? ఇదిగో, రాజుగారు నాకు కప్పిన శాలువా. ఇందులో ఒక్క లోపం చూపించు!"

"చూడాల్సింది మీరేనయ్యా. అందులో నా అతుకు ఎక్కడుందో కనిపెడితే, నా ఆకు నేనే చించేసుకుంటాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. శాలువా తిరగేశాడు, ఎండకు పట్టాడు, వేళ్లతో తడిమాడు. చెమటలు పట్టాయి గానీ అతుకు దొరకలేదు.

పేరమ్మ దగ్గరికి జరిగి ఒక మామిడిపిందె బుటా కింద వేలు పెట్టింది. గొంతు బాగా తగ్గించింది.

"ఇక్కడ జానెడు చిరిగిందయ్యా. మీ మనసు కష్టపడుతుందని, ఒకరు ఏడుస్తూ నా దగ్గరకు తెచ్చారు. ఎవరని మాత్రం అడక్కండి."

విశ్వంభరయ్య చూపు ఇంట్లోకి పోయింది. వంటింటి గుమ్మంలో భార్య తల దించుకుని నిలబడి ఉంది.

"సభలో ఈ శాలువా సంగతి చెబుతావా?" అన్నాడు మెల్లగా.

"అతకడం ఎలాగో చెబుతానయ్యా. ఎవరిదో చెబితే, అతికినదాన్ని మళ్లీ చింపినట్టే కదా!"

ఆయన ఆ ఆకును కట్టలో అన్నిటికన్నా పైన పెట్టాడు. భార్యను మాత్రం ఏనాడూ ఏమీ అడగలేదు.