గజకేసరికి పాలు

నృసింహ సిద్ధాంతిగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని తగులుకుంటుంది. అది తెలిసి కూడా శిష్యుడు యజ్ఞన్న ఆ ఉదయం నోరు ఊరుకోక అడిగాడు.

"గురువుగారూ, చంద్రుడికి కేంద్రంలో గురుడుంటే గజకేసరి యోగమన్నారు. మహాయోగం సరే, అది ఫలించేది ఎప్పుడు?"

"మునసబుగారి మనవడికి జాతకం వేశావుగా. ఇచ్చి రా," అన్నారు సిద్ధాంతిగారు.

ఆ పసివాడిది గజకేసరే. చక్రం వేసిన రోజున యజ్ఞన్న పొంగిపోయి ఆ ఇంటికి కబురు కూడా పంపాడు. తీరా ఇప్పుడు వెళ్ళేసరికి పిల్లాడి ఏడుపు సన్నగిల్లి మూలుగైంది. పురిటికి పుట్టింటికొచ్చిన మునసబుగారి కూతురు సుభద్రకు జ్వరం, పాలు పడలేదు. మేకపాలు పడితే బిడ్డ కక్కేస్తున్నాడు.

"పాలిచ్చే మనిషి ఎవరూ లేరా, పిన్నిగారూ?"

"నేతవాళ్ళ పోలమ్మ ఉంది. అదీ పచ్చి బాలింత, గడప దాటి రాదు. మన పురిటి బిడ్డను మనమూ దాటించకూడదు. అయినా మహాయోగ జాతకుడని నువ్వే చెప్పి పంపావు కద నాయనా! వాడికేం భయం?" అంది మునసబుగారి భార్య.

యజ్ఞన్నకు ఆవిడ మీద కోపగించడానికీ లేదు, పాపం ఆవిడ నమ్ముకున్నది అతని మాటనే.

ఇంతలో సుభద్ర గోడ పట్టుకుంటూ వచ్చింది. "అన్నయ్యా, నీ కాళ్ళకు మొక్కుతాను. వీణ్ణి తీసుకెళ్ళు," అంటూ బిడ్డను చాపింది.

సిద్ధాంతిగారింట మడి కఠినం. పురిటి మైల సోకినవాడు శుద్ధి అయ్యేదాకా గ్రంథం ముట్టరాదు, పంక్తిలో కూర్చోరాదు. యజ్ఞన్న బిడ్డను ఉత్తరీయంలో చుట్టుకుని పరుగెత్తాడు. పోలమ్మ ఒక్క మాట అడగలేదు. తన బిడ్డను ఓ పక్కకు జరిపి వీణ్ణి రెండో పక్కకు తీసుకుంది. కాసేపటికి లోపలి నుంచి గుటకల చప్పుడు వినిపించింది. బయట అరుగు మీద యజ్ఞన్న కూలబడి ఏడ్చేశాడు.

తిరిగొచ్చి గురువుగారి వాకిట్లోనే నిలబడిపోయాడు.

"పసివాడు తాగాడండీ. తల్లికి నెమ్మదించేదాకా పూటపూటకీ మోసుకెళ్తానని మాటిచ్చాను. మైల పడ్డాను, లోపలికి రాలేను."

సిద్ధాంతిగారు చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టారు.

"యోగం ఎవరి చేతుల మీదుగా రావాలో శాస్త్రం రాయలేదు నాయనా. కాళ్ళు కడుక్కుని లోపలికి రా, అన్నం చల్లారిపోతోంది."