ఆఖరి బిగింపు

రాజమండ్రిలో పాత కెమెరాలు బాగుచేసే పేర్రాజుగారికి ఒక అలవాటుంది. పనంతా శిష్యుడు అబ్బులు కళ్ళెదుటే చేస్తారు. తీరా బొమ్మ స్పష్టంగా పడేలా లెన్సు సరిచూసి బిగించే ఆఖరి ఘడియలో మాత్రం వీపు తిప్పేస్తారు. తన తరవాత కొట్టు అబ్బులుదేనని ఊరందరికీ చెప్పారాయన. ఆ మాట నమ్ముకునే అబ్బులు వేరే బతుకుతెరువు చూసుకోలేదు, పెళ్ళి కూడా చేసుకున్నాడు. కానీ వీపు చూసి నేర్చుకునే విద్య లోకంలో ఏముంది? ఆ బెంగ అతన్ని లోలోపల తినేస్తోంది.

ఒకనాడు ఉండబట్టలేకపోయాడు. సూటిగా అడిగే ధైర్యం లేక డొంకతిరుగుడుగా అడిగాడు.

"గురువుగారూ, కెమెరాలకి పేరుమోసిన దేశంలో కార్ఖానాలు మూతబడ్డాయంటారు. వాళ్ళని చూసి నేర్చుకున్న దేశంలోనేమో మూడు పువ్వులూ ఆరు కాయలుగా సాగిందంటారు. ఎందుకండీ అలాగ?"

పేర్రాజుగారు ఆ రెండు దేశాల పాత కెమెరాలూ బల్లమీద పెట్టించారు. సరిగ్గా అదే రకం వేరే కెమెరాల్లోంచి ఊడదీసిన పళ్ళచక్రాలు ఇచ్చి, వీటిలో అమర్చమన్నారు. నేర్చుకున్న దేశం దాంట్లో చక్రం ఇట్టే కూర్చుంది. పేరుమోసిన దేశం దాంట్లో అబ్బులు ఎన్ని తంటాలు పడ్డా కూర్చోలేదు.

"నాసిరకం సరుకాండీ ఇది?"

"నోరు కడుక్కో! ఇంతటి పనితనం నా జన్మలో చూళ్ళేదు. ఏ కెమెరా చక్రాన్ని ఆ కెమెరాకే ఆకురాయితో అరగదీసి కూర్చోబెట్టాడు అక్కడి మేస్త్రీ. ఎంత అరగదియ్యాలో ఆయన చేతికొక్కదానికే తెలుసు."

"మరి ఆయన పోతేనండీ?"

పేర్రాజుగారు సాయంత్రానికి ఇవ్వవలసిన కెమెరా ఒకటి ముందుకు లాక్కుని, మొట్టమొదటిసారి శిష్యుడి వైపు తిరిగి కూర్చున్నారు.

"చూడు" అన్నారు.

అబ్బులు ముందుకు వంగి చూశాడు. గురువుగారి చెయ్యి వణుకుతోంది. స్క్రూడ్రైవరు జారి లెన్సుమీద గీత పడింది. ఆయన మళ్ళీ ప్రయత్నించారు, మళ్ళీ జారింది. ఆ చెయ్యి వీపు చాటున ఎన్నాళ్ళుగా వణుకుతోందో అబ్బులుకి తెలియదు. కోపం రావలసిన చోట అతనికి దుఃఖం ముంచుకొచ్చింది.

పేర్రాజుగారు స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టేశారు.

"ఆ దేశం మేస్త్రీలు కూడా ఆఖరికి, చెయ్యి పట్టుతప్పాక, శిష్యుల వైపు తిరిగే ఉంటార్రా, అబ్బులూ" అన్నారు.